కారు వెనక సీట్లో మనిషి

సౌండ్ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలారా, ఈ పనిలో ఎవరూ ముందుగా చెప్పని సంగతి ఒకటుంది. చెవి ఎంత పదునుగా ఉంటే అసూయ అంత తొందరగా పుడుతుంది. పక్కవాడి పని బాగుందని లోకానికి తెలిసేలోపే మన చెవికి తెలిసిపోతుంది. నలుగురూ మెచ్చుకున్నాక కుళ్ళుకుందాంలే అని ఆగే వెసులుబాటు మనకు లేదు.

నేను దుబాయ్‌లో ఈ పని చేసి, ఈమధ్యే రిటైరై వచ్చాను. ఆ కాలంలో చాలామంది మీద కుళ్ళుకున్నాను. అందులో పెద్ద వాటా ఇద్దరిది. ఒకరు జపాన్ పాటగత్తె, నా కూతురికంటే చిన్నది. ఇంకొకరు జగిత్యాల మనిషి, క్యాంపులో నా పైమంచం అతనిది. ఆ ఇద్దరూ ఒకే రోజు ఒకే హాల్లో నాకు ఎదురుపడ్డారు.

మాది రాయచోటి. పదో తరగతి తప్పాక మా మామ మైకుసెట్టు అంగట్లో చేరాను. పెళ్ళిళ్ళు, ఉరుసులు, తిరునాళ్ళు, ఎన్నికలు. పని లేని రోజుల్లో శాఖా గ్రంథాలయమే నాకు బడి. అక్కడ సైన్సు పుస్తకాల బీరువా ఒకటుండేది. దాని తలుపు నాకోసం తప్ప తెరవాల్సిన పని పడటం లేదని లైబ్రేరియన్ సారు అనేవాడు. గోల్కొండలో కింద కొట్టిన చప్పట్లు కొండ మీద ఎందుకు వినబడతాయో, బావిలో అరిస్తే గొంతు ఎందుకు లావవుతుందో, అదే గొంతు గుడ్డ పందిట్లో ఎందుకు పలచబడుతుందో ఆ బీరువాలోనే నేర్చుకున్నాను. దుబాయ్ వచ్చాక, షార్జాలోని అల్ నహ్దాలో కాపురమున్న రోజుల్లో, సెలవు దొరికితే అక్కడి లైబ్రరీకి పోయి నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లిష్ పుస్తకాలు చదివాను. హాలు పొడవు, వెడల్పు, ఎత్తు చెబితే అందులో చప్పుడు ఎంతసేపు తిరుగుతుందో కాగితం మీద లెక్క కట్టేవాణ్ణి. మా కంపెనీలో ఆ లెక్క వచ్చినవాడు ఇంకొకడు లేడు. అందుకే నన్ను ఉస్తాద్ అనేవారు. ఆ పిలుపు కోసం ఎంత బరువైనా మోసేవాణ్ణి.

నాకు పాట కూడా వచ్చు. మైకు పరీక్షకు అందరూ హలో, వన్, టూ అంటారు. నేను ఒక చరణం పాడేవాణ్ణి. పందిట్లో కూరగాయలు తరిగే ఆడవాళ్ళు కత్తిపీట ఆపి చూసేవారు. ఆ ధైర్యంతో రేడియోవాళ్ళ ఆడిషన్‌కు పోయాను. గాజు తలుపుకు అవతల ముగ్గురు పెద్దలు కూర్చున్నారు. పల్లవి పూర్తి కాకముందే ఇక చాలని చెయ్యి ఊపారు. గొంతు ఉంది, శిక్షణ లేదన్నారు. అంతటితో పాడేవాళ్ళ వరసలోంచి తప్పుకుని, వాళ్ళ పక్కన, గొంతునూ వాద్యాలనూ కలిపే మిక్సర్ దగ్గర నిలబడ్డాను.

కరోనా వచ్చిన ఏడాది మాకు పనే లేకుండా పోయింది. స్పీకర్లన్నీ జెబెల్ అలీ గోడౌన్లో గుడ్డలు కప్పుకుని పడుకున్నాయి. క్యాంపు గదుల్లో మేమూ అంతే. నా ఇల్లుగలామె, పిల్లలు అప్పటికే ఊరికి పోయారు కాబట్టి నేనూ క్యాంపులోనే ఉన్నాను. జగిత్యాల మనిషిది అప్పుడు లోడింగ్ పని. ముప్ఫై దాటినవాడు, ఇద్దరు పిల్లల తండ్రి. పెట్టెలు లారీకి ఎక్కించడం, దించడం, కేబుళ్ళు చుట్టడం. ఆ ఖాళీ రోజుల్లో పైమంచం మీద పడుకుని ఫోన్లో రెండే చూసేవాడు. ఒకటి, మిక్సర్ వాడటం నేర్పే వీడియోలు. రెండోది, ఒక ఆడపిల్ల గొంతు. మెల్లగా గుసగుసలాడుతూ మొదలై, ఉన్నట్టుండి పలక పగిలినట్టు పైకి లేచేది. ఎవరప్పా ఆ కేకలు పెట్టేది అని ఒకనాడు అడిగాను.

"కేకలు గాదు చాచా, పాట. జపాన్ పిల్ల. మొకం సూపెట్టది. వాళ్ళ నాయిన కార్ల గూసొని, అద్దాలు ఎత్తుకొని పాడి, నెట్ల వెడ్తది."

"కార్లో ఎందుకప్పా?"

"ఇంట్ల పాడితే పక్కింటోళ్ళు లొల్లి వెడ్తరట. అపార్ట్‌మెంట్ గదా."

తర్వాత ఆ పిల్ల కథంతా అతని నోటి నుంచే, నేను అడగకపోయినా, విడతలు విడతలుగా విన్నాను. మొదట్లో వేరేవాళ్ళ పాటలు పాడి పెట్టేది. తన బొమ్మకు బదులు ఎవరో గీసిన పిల్లి బొమ్మ ఉండేది. వినేవాళ్ళు కొద్దిమంది. వాళ్ళలో ఒకడు, ఆమెను ఎన్నడూ చూడనివాడు, తను కట్టిన బాణీ పంపాడు. లోకమంతా ఇళ్ళలో మూసుకుని ఉన్న ఆ ఏడాదే ఆ పాట దేశాలు దాటింది. తలుపులు వేసుకుని ఉన్నవాళ్ళందరికీ, అద్దాలు ఎత్తుకుని పాడిన గొంతు తమదే అనిపించిందేమో. పాటల కంపెనీవాళ్ళు వచ్చారు. కార్టూన్ సినిమాలో పాట వచ్చింది. ముందు చిన్న హాలు, తర్వాత పెద్ద హాలు, తర్వాత ఆటల మైదానం. ఎక్కడ పాడినా పలచని తెర వెనకే. వెనక నుంచి దీపం వేస్తే నీడ కనబడుతుంది, అంతే.

అతనికి అది ఇంటి సంగతి. "మన పిల్ల కొత్త పాట ఇడిసింది చాచా" అనేవాడు. మన పిల్ల అన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. ఆ అమ్మాయి ఏ గాజు ముందూ నిలబడలేదు. ఉన్నదల్లా కారు అద్దం, అది కూడా తనే ఎత్తుకుంది. నచ్చినప్పుడు దించుకుంది. నేను ముగ్గురు పెద్దల మొహాలు చూస్తూ పాడాను. ఆమె ఎవరి మొహమూ చూడలేదు, తన మొహమూ చూపించలేదు. అదొక పాటా అని నలుగురిలో వెక్కిరించేవాణ్ణి. గదిలో ఎవరూ లేనప్పుడు నా ఫోన్లో పెట్టుకుని వినేవాణ్ణి. వెక్కిరించడానికి ఏమైనా దొరుకుతుందని విన్నాను. దొరకలేదు.

పనులు మళ్ళీ మొదలయ్యాక అసలు బాధ మొదలైంది. పెట్టెలు మోసే మనిషి మిక్సర్ దగ్గరకు రాసాగాడు. నేను ఊరికి పోయినప్పుడు ఒక పెళ్ళి హాలు అతనికి ఇచ్చారట. తిరిగి వచ్చేసరికి బాగా చేశాడని డ్రైవర్ దాకా చెప్పారు. నేను ఒక్కో పుస్తకం కోసం ఎండల్లో ఎదురుచూసి తెలుసుకున్న సంగతులను అతను ఖుబ్జ్ రొట్టె తింటూ, ఎడమచేతి వేలితో ఫోను తోస్తూ చూసేశాడు. పట్టుకుందామని లెక్కలు అడిగాను. "లెక్క నాకు రాదు చాచా, గని ఇనవడ్తది" అన్నాడు. రాదని ఒప్పుకున్నవాణ్ణి ఓడించడం ఎలాగో ఏ పుస్తకంలోనూ లేదు.

నా రిటైర్‌మెంట్‌కు కొద్ది నెలల ముందు ఆ అమ్మాయి పాట కచేరీ అబుధాబిలో పెడుతున్నారని, సౌండు మా కంపెనీదేనని తెలిసింది. మామూలుగా అంత పెద్దవాళ్ళు తమ మనుషులతోనే వస్తారు, మాది సామాను వరకే. పాడేవాళ్ళు చెవిలో పెట్టుకునే ఇయర్‌ఫోన్లోకి ఏ శబ్దం ఎంత పోవాలో చూసే మనిషి ఒకడుంటాడు. జనం వినేది వేరు, పాడేవాళ్ళు వినేది వేరు. రెండోది తప్పితే ఎంతటివాళ్ళైనా తడబడతారు. ఆమె సొంత మనిషి ముందు ఊళ్ళోనే జ్వరంతో ఆగిపోయాడు. అతను అమర్చుకున్నదంతా వేరే రకం మిక్సర్ మీద ఉంది, మాకు పనికి రాదు. ఇక్కడి మనిషే కావాలన్నారు.

మా ముదీర్, అంటే మేనేజరు, కేరళ మనిషి. మెత్తగా మాట్లాడతాడు. "ఉస్తాద్ హై నా" అని నా వైపు చూశాడు. జగిత్యాల మనిషికి స్టేజీ పక్కన మైకుల బ్యాటరీలు మార్చే పని ఇచ్చాడు. అతని మొహం చూశాను. చూడాలనే చూశాను. నాలుగేళ్ళుగా మన పిల్ల, మన పిల్ల అన్నవాడికి బ్యాటరీల బల్ల, వెక్కిరించినవాడికి ఆమె చెవులు. ఆ పూట బిర్యానీ ఎంత రుచిగా ఉందో ఇప్పటికీ గుర్తుంది.

సామాను సర్దుతుండగా అతను నా దగ్గరకు వచ్చాడు. గోడౌన్లో మిగిలినవాళ్ళంతా ఉన్నారు.

"చాచా, ఒక్క మాట. ఆమె చెవుల ఎకో పెట్టకు."

ఇక్కడ మీకు ఒకటి చెప్పాలి. మా మైకుసెట్టు పనిలో ఎకో అంటే మర్యాద. పాడేవాళ్ళు ఎవరైనా స్టేజీ ఎక్కగానే "అన్నా, కొంచెం ఎకో పెట్టు" అంటారు. పెడితే గొంతు నిండుగా అవుతుంది, వణుకు కప్పబడిపోతుంది, మన గొంతుకు తోడుగా ఇంకో గొంతు ఉన్నట్టుంటుంది. భయపడేవాళ్ళకు ఇంకాస్త పెంచుతాం. ఇంటికొచ్చినవాళ్ళ టీలో చక్కెర తగ్గించమన్నట్టుగా ఉంది అతని మాట.

"నాకే చెప్తాండావా?"

"చెప్తలేను, అడుగుతున్న. ఆమె ఎన్నడు పెట్టుకోలె. అన్ని పాటలు ఇన్న నేను."

అది రికార్డు, ఇది హాలు అన్నాను. అంత పెద్ద హాల్లో, వేలమంది ముందు, చెవిలో ఎండిపోయిన గొంతు వినబడితే ఎవరికైనా ధైర్యం చెదురుతుందని, పుస్తకాల్లో రాసి ఉందని చెప్పాను. రెండు పుస్తకాల పేర్లు కూడా చెప్పాను.

"ఆ పుస్తకం రాసినాయన కార్ల పాడిండా చాచా?"

గోడౌన్ మొత్తం నవ్వింది. అతను నన్ను ఎగతాళి చేయాలని అనలేదు, నిజంగానే అడిగాడు. కానీ ఆ నవ్వు విన్నాక అతని మాట తీసుకోవడం నా వల్ల కాలేదు. సలహా మంచిదే కావచ్చు. పదిమంది నవ్విన సలహాను మాత్రం నాలాంటివాడు మింగలేడు.

కచేరీ ఆదివారం. ఆమె పాటలు వినేవాళ్ళలో బడిపిల్లలు ఎక్కువ కాబట్టి ఆట మధ్యాహ్నమే పెట్టి, చీకటి పడకముందే ముగించేలా ఏర్పాటు చేశారు. పొద్దున రిహార్సల్. వాళ్ళతో వచ్చిన, వాళ్ళ మాటలు మాకు తర్జుమా చేసే దుబాసి పెద్దావిడ, బూట్లు వేసుకుని చకచకా నడిచే మనిషి, మమ్మల్నందరినీ నిలబెట్టి నెమ్మదైన ఇంగ్లిష్‌లో నియమాలు చెప్పింది. ఫోన్లు సంచీలో వేసి ఇచ్చేయాలి. పాడే అమ్మాయి గదిలోంచి స్టేజీకి నడిచేటప్పుడు, తిరిగి వచ్చేటప్పుడు, నడవలో ఉన్నవాళ్ళంతా గోడ వైపు తిరిగి నిలబడాలి. ఇబ్బంది పెడుతున్నందుకు క్షమించమని నడుము వంచి మరీ అడిగింది. నేను పాదుషాల ముందు కూడా పనిచేశాను, గోడకు తిరగమని ఎవరూ అనలేదు. అయినా తిరిగాం. ముదీర్ కూడా తిరిగాడు. వెనక మెత్తని అడుగులు పోయాయి. నా పక్కన జగిత్యాల మనిషి ఊపిరి బిగపట్టాడు. నేను గోడ మీద పెచ్చు లేచిన రంగు చూస్తూ, నువ్వు బ్యాటరీలు మార్చుకో అప్పా, ఆమె చెవులు నావి అనుకున్నాను.

నా మిక్సర్ స్టేజీ ఎడమ పక్కన, నల్లగుడ్డ వెనక ఉంది. ఆమె నాకు కనబడదు. ఆమె ఏదైనా అడిగితే దుబాసి ఆవిడ నా పక్కన కూర్చుని చెబుతుంది. అమ్మాయి మొదటి పాట ఎత్తుకుంది. హెడ్‌ఫోన్లో ఆ గొంతు ఫోనూ గీనూ అడ్డం లేకుండా మొదటిసారి విన్నాను. మంచి గొంతు ముందు కూర్చుంటే పాడేవాళ్ళకు కోరకుండానే ఏదైనా ఇవ్వాలనిపిస్తుంది. ఎకో కొద్దిగా పెట్టాను.

ఆమె ఆగింది. దుబాసి ఆవిడ చెవి దగ్గర వాకీటాకీ పెట్టుకుని విని, నా వైపు తిరిగి, "కారు వెనక సీట్లో ఎవరో కూర్చున్నారంటోంది" అంది.

ముదీర్ నన్ను చూశాడు, నేను ముదీర్‌ను చూశాను. ఏ కారు అని ఆయన అడిగాడు. దుబాసి ఆవిడకూ తెలియదు. తన పని మాటలు దాటించడం వరకే అన్నట్టు చేతులు చాపింది.

నాకు ఒక్కటే తోచింది. పిల్ల భయపడుతోంది. కొత్త దేశం, కొత్త హాలు, అలవాటైన మనిషి లేడు. భయపడేవాళ్ళకు ఏం చేయాలో నాకు తెలుసు. ఎకో ఇంకాస్త పెంచాను.

ఈసారి రెండు మాటలు కూడా పాడలేదు. తెర వెనక కూర్చుండిపోయిందట. దుబాసి ఆవిడ మెల్లగా, "ఇప్పుడు వెనక సీట్లో చాలామంది ఉన్నారట" అంది.

బ్యాటరీల బల్ల దగ్గరి నుంచి జగిత్యాల మనిషి వచ్చి నిలబడ్డాడు. ఒకడు కూర్చున్న మిక్సర్ మీద ఇంకొకడు చెయ్యి వేయకూడదన్నది మా పనిలో పెద్ద నియమం. అతను చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నాడు.

"చాచా, ఎకో తియ్యి. ఆమె కార్ల ఒక్కతే కూసుంటది. నువ్వు ఎవరినో ఎక్కిస్తున్నవ్."

అప్పుడు అర్థమైంది నాకు. అర్థమైనా నా చెయ్యి కదల్లేదు. వేలు ఆ మీట మీదే ఉంది. కిందికి జరిపితే చాలు. అది జరిపితే గోడౌన్లో నవ్విన నవ్వంతా నిజమవుతుంది. అతనికేసి చూడకుండా, హాలు లెక్క ప్రకారం ఇంత ఉండాలి అని ముదీర్‌కు ఉర్దూలో చెప్పడం మొదలుపెట్టాను. ముదీర్ సగం వరకు విన్నాడు. నా భుజం మీద చెయ్యి వేశాడు.

"ఉస్తాద్, ఆప్ జరా చాయ్ పీకే ఆవో."

అరిచి ఉంటే బాగుండేది. అరిస్తే నేనూ అరిచేవాణ్ణి. టీ తాగి రమ్మన్నవాడి మీద ఎవరు అరుస్తారు? లేచాను. కుర్చీ వేడిగా ఉండగానే అతను కూర్చున్నాడు.

టీ తాగడానికి పోలేదు, గుడ్డ పక్కనే నిలబడ్డాను. ఎకో తీసేస్తాడు, అంతేగా అనుకున్నాను. అంతటితో ఆగలేదు. హాల్లోంచి మైకులోకి వచ్చే గాలి చప్పుడు కోశాడు. గొంతు కింది భాగాన్ని కొంచెం ఇరుకు చేశాడు. కళ్ళు మూసుకుని, పెదవులు కదుపుతూ, ఆమె పాత పాటలను లోపల పాడుకుంటూ పోల్చి చూసుకుంటున్నాడు. ఆమె చెవుల్లో చిన్న కారు ఒకటి కట్టాడు. అద్దాలు ఎత్తి ఇచ్చాడు. ఆమె పాట మొత్తం ఆగకుండా పాడింది. దుబాసి ఆవిడ లేచి మిక్సర్ వైపు నడుము వంచింది. అతను కంగారుగా లేచి తనూ వంగాడు.

ఆట మొదలయ్యేసరికి బ్యాటరీల బల్ల నాదైంది. ఖలాస్. అక్కడ కూర్చుని, రాబోయే పొరపాట్లన్నీ ఒక్కొక్కటే తలుచుకున్నాను. ఖాళీ హాలు వేరు, నిండిన హాలు వేరు. జనం శబ్దాన్ని తాగేస్తారు. పిల్లలు కేకలు పెడితే ఆమెకు తన గొంతే వినబడదు. అప్పుడు ఎంత పెంచాలో, ఎప్పుడు తగ్గించాలో ఫోన్లో చూసి నేర్చుకునేది కాదు. ఇదంతా నాకు తెలుసు. అతను వచ్చి అడిగితే చెప్పాలని కూడా అనుకున్నాను. అడగాలి కదా మరి.

హాలు నిండింది. తెర వెనక దీపం వెలిగి నీడ పడగానే పిల్లలు అరిచిన అరుపుకు బల్ల మీద బ్యాటరీలు దొర్లాయి. ఇప్పుడు పెంచాలి అని నేను అనుకునేలోపే అతని చెయ్యి పైకి పోయింది. అరుపు తగ్గుతోంది, ఇప్పుడు దించాలి అనుకునేలోపే దిగింది. రెండో పాటలో తప్పుతాడనుకున్నాను. మూడో పాటలో డప్పుల్లాంటివి పెద్దగా మోగుతాయి, అక్కడ తప్పక తప్పుతాడనుకున్నాను. ఒక్కటైనా తప్పు చెయ్యవేమప్పా అని లోపల బతిమాలాను. పని చేసేవాడికి ఆశీర్వాదం తగులుతుందో లేదో తెలియదు కానీ శాపం మాత్రం తగలదని ఆ రోజు తెలిసింది.

మధ్యలో ఒక నెమ్మది పాట వచ్చింది. అతను వెనక్కి తిరిగి నన్ను చూసి, పక్కనున్న రెండో హెడ్‌ఫోను చాపాడు. వద్దందామనుకున్నాను. తీసుకున్నాను. బయట వేలమంది, పెద్ద పెద్ద స్పీకర్లు, నేల అదురుతోంది. ఆ హెడ్‌ఫోన్లో మాత్రం ఒక చిన్న గొంతు, దగ్గరగా, పొడిగా, ఎవరికీ వినబడకూడదన్నట్టు పాడుకుంటోంది. మెరుగు లేదు, తోడు లేదు. అలాంటి గొంతును నేను ఇన్నేళ్ళలో ఎవరి చెవికీ ఇవ్వలేదు. ఇస్తే భయపడతారనుకున్నాను. భయపడేది నేనేనేమో. పాట అయిపోయేదాకా హెడ్‌ఫోను తిరిగి ఇవ్వలేదు. ఇచ్చాక అసూయ తగ్గిందనుకుంటారేమో, తగ్గలేదు. బాగోలేని పని మీద ఉన్న అసూయ కొంచెం తేలికగా ఉంటుంది. బాగున్న పని మీద ఉన్నది కడుపులో రాయి.

ఆట ముగిసింది. మేమంతా నడవలోకి వచ్చి గోడ వైపు తిరిగి నిలబడ్డాం. నా పక్కన అతను, నుదురు గోడకు ఆనించి. ముదీర్ బయట లారీల దగ్గర ఉన్నాడు. మెత్తని అడుగులు వచ్చాయి. సరిగ్గా మా వెనక ఆగాయి.

జపాన్ భాషలో ఒక చిన్న మాట వినబడింది. దుబాసి ఆవిడ ఇంగ్లిష్‌లో అడిగింది: ఈరోజు ఆటలో ఆమె చెవులు చూసినవారు ఎవరు?

అతను పలకలేదు. నాలుగేళ్ళుగా ఆమె ప్రతి పాటా విన్నవాడు, ఆమె అతని వెనక మూరెడు దూరంలో నిలబడి తన గురించే అడిగితే, గోడకు అతుక్కుపోయాడు. అతని ఇంగ్లిష్ కూడా అంతంతే. వరసలో మిగిలినవాళ్ళు అది తమ సంగతి కాదన్నట్టు ఊరుకున్నారు.

ఆ నిశ్శబ్దం నా చేతిలో ఉంది. నేనేమీ అబద్ధం చెప్పనక్కర్లేదు. ఊరికే నిలబడితే చాలు. ఇంకొంచెంసేపు ఆగి, ఆ అడుగులు ముందుకు సాగిపోతాయి. అతనికి దక్కాల్సింది నడవలోనే ఉండిపోతుంది. ఎవరూ నన్ను ఒక్క మాట అనరు. పిల్లలారా, అలాంటప్పుడు మంచితనం పైకి వస్తుందని చదివాను. నాకు మంచితనమేమీ రాలేదు. హెడ్‌ఫోన్లో విన్న గొంతు గుర్తొచ్చింది. అది ఎవరి పనో తెలిసిన చెవి ఆ నడవలో నాదొక్కటే. ఆ చెవి ఊరుకోనివ్వలేదు.

"ఇతనే" అన్నాను ఇంగ్లిష్‌లో, గోడవైపు చూస్తూనే. "నా ఎడమ పక్కన ఉన్నవాడు."

ఆమె కొంచెంసేపు మాట్లాడింది. పాడేటప్పటి గొంతు కాదు, బడిలో పాఠం అప్పజెప్పే గొంతులా ఉంది. దుబాసి ఆవిడ దాన్ని నెమ్మదిగా ఇంగ్లిష్‌లోకి మార్చింది. గుడ్డ రాసుకున్న చప్పుడైంది, ఆమె అతని వీపుకు వంగి నమస్కరించిందని తెలిసింది. అడుగులు వెళ్ళిపోయాయి. అతను తిరగలేదు. భుజాలు మాత్రం కదులుతున్నాయి. అందరూ పోయాక కూడా కాసేపు అలాగే ఉన్నాడు. నేను పోయి కేబుళ్ళు చుట్టడం మొదలుపెట్టాను.

కంపెనీ బస్సులో నా పక్కన వచ్చి కూర్చున్నాడు. వెనక చాలా సీట్లు ఖాళీగా ఉన్నాయి, అయినా నా పక్కనే. ఎండ వాలుతోంది. అబుధాబి పొలిమేరలో మఫ్రఖ్ దాటాక మెల్లగా అడిగాడు.

"చాచా, గామె ఏమన్నదే? నా చెవులు హోరుమన్నయి. ఒక్క ముక్క సమజ్ కాలె."

అడుగుతాడని తెలుసు. ఎడారి వైపు చూస్తూ కూర్చున్నాను. ఆ మాట ఆ బస్సులో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. థాంక్స్ చెప్పింది అంటే సరిపోతుంది, అది అబద్ధమూ కాదు. నిఘంటువు పక్కన పెట్టుకుని చెమటోడ్చి నేర్చుకున్న ఇంగ్లిష్, చివరికి ఈ పని మీదకు వచ్చింది.

"నా గొంతు ఎంత చిన్నదో ఈరోజు నాకు వినబడింది అనింది. వినబడినా భయం వేయలేదు అనింది. వేలమంది ముందు ఒంటరిగా పాడుకోనిచ్చినావు, నీకు రుణపడి ఉంటాను అనింది."

అతను తల దించుకున్నాడు. ముందు సీటు వెనక ఉన్న చిరుగులో వేలు పెట్టి తిప్పుతూ కూర్చున్నాడు.

"మల్లొక్కసారి చెప్పు చాచా."

చెప్పాను.

"రుణపడి ఉంట అన్నదా? గదే మాటనా?"

అదే మాట అన్నాను. ఇంకొకసారి మొదటి నుంచి చెప్పమన్నాడు. ఈసారి కళ్ళు మూసుకున్నాడు, మిక్సర్ దగ్గర మూసుకున్నట్టు. నేను పదాలు మార్చకుండా, నిదానంగా, తడబడకుండా చెప్పాను. నా జీవితంలో ఏ పాడేవాళ్ళూ నాకు అలాంటి మాట చెప్పలేదు. పెంచు అన్నారు, తగ్గించు అన్నారు. జెబెల్ అలీ దీపాలు కనబడేదాకా అతను అడుగుతూనే ఉన్నాడు, నేను చెబుతూనే ఉన్నాను. నా నోటితో, నా గొంతుతో అన్నిసార్లు పలికినా ఆ మాట ఒక్కసారి కూడా నాది కాలేదు.